పొగ నా కంటికి కనబడకూడదు

నవంబరు 23, ఆదివారం

తీర్మానం. చలికాలం వెళ్లేదాకా సాయంత్రం పప్పూ కూరా కట్టెల పొయ్యి మీదే వండుతాను.

కారణం పెద్దదేం కాదు. నిన్న వాడపల్లి వెంకన్న దర్శనం చేసుకుని వస్తూ, 'కట్టెల పొయ్యి భోజనం' అని బోర్డున్న పాక దగ్గర ఆగాం. మా ఆయన దోసకాయ పప్పు మూడోసారి కలుపుకుంటూ, కళ్లు మూసుకుని, "పప్పంటే ఇదే, పద్మా" అన్నారు. మరి ఇరవై రెండేళ్లుగా ఇంట్లో తింటున్నదాన్ని ఏమంటారని నేను అడగలేదు. కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్తాను. జవాబు తెలిసిన ప్రశ్న వేయకూడదన్న మాత్రం నీతి వంటబట్టింది.

పైగా దొడ్లో తొమ్మిది కొబ్బరిచెట్లు. ఎండిన మట్టలు, పీచు డొక్కలు, చిప్పలు గోడవారన గుట్టగా పడున్నాయి. ఎలుకలు అందులో తరతరాలుగా కాపురముంటున్నాయి. ఇంత ఇంధనం దగ్గర పెట్టుకుని గ్యాసు బండ కోసం ఫోన్లు చేయడమేమిటి?

ఉత్సాహంగా ఉంది. ఇలా ఉండి చాలా రోజులైంది.

నవంబరు 24, సోమవారం

నిప్పుతో పని కాబట్టి ముందు చదువుకున్నాను. నియమాలు రాసి ఫ్రిజ్ తలుపుకి అతికించాను.

పొయ్యి వెనక వసారాలోనే. తలుపులేసిన గదిలో ఎన్నడూ కాదు.
గోడకీ పొయ్యికీ బారెడు ఎడం. గ్యాసు బండ ఆ ఛాయలకే రాకూడదు.
ఎండిన మట్ట, ఎండిన డొక్క. తడిదైతే మంట తక్కువ, పొగ ఎక్కువ.
కిరసనాయిలు, ప్లాస్టిక్ కవర్లు నిషిద్ధం.
నూలు చీర, బిగించి దోపిన కొంగు. పక్కన బకెట్టుడు నీళ్లు.
వెలిగించాక పొయ్యి వదిలి కదలకూడదు.
బూడిద పూర్తిగా చల్లారాకే ఎత్తాలి.

ఆయన మొత్తం చదివి, "ఇందులో పప్పెక్కడుంది?" అన్నారు.

అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. ఆవిడ పేరు భూలక్ష్మి. పేరుకి తగ్గట్టే నిదానం.

"గ్యాసైపోయిందేంటమ్మా?"

"లేదండి అత్తయ్యగారూ. రుచి కోసం."

"మీ మావయ్యగారు మొదటిసారి గ్యాసు బండ తెచ్చినప్పుడు నేను దానికి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టేను" అన్నారు. అంతే అన్నారు. అది ఆశీర్వాదమో అభ్యంతరమో తేల్చుకోలేకపోయాను.

వసారాలో ఉన్న నా రెండు పుస్తకాల బీరువాలు తీయాలి. నిప్పు పక్కన కాగితాలు ఉండకూడదు కదా. ఎక్కడ పెట్టడం? "అత్తయ్యగారి గది ఖాళీ అయితే ఇబ్బందుండదు" అన్నాను ఆయనతో. ఆవిడ గదిలో గోడవారన పాత ట్రంకుపెట్టెలున్నాయి, అవి తీస్తే అని నా ఉద్దేశం. ఆయన ఫోన్ చూసుకుంటూ "ఊ" అన్నారు. అత్తయ్యగారు పక్కనే చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. చివరికి బీరువాలు హాల్లోనే ఇరికించాం.

నవంబరు 27, గురువారం

పొయ్యి వచ్చింది. ఇనపది. వెనక పొగగొట్టం. అమలాపురంలో వెల్డింగు షాపు నడిపే దానం తనే వచ్చి బిగించాడు.

"గొట్టం ఎటు తిప్పమంటారండి మేడంగారు?"

"ఎటైనా సరే. పొగ నా కంటికి కనబడకూడదు."

"ఆయ్. కనబడదండి."

గొట్టాన్ని వసారా మూల నుంచి గోడ వెంబడే ఇంటి పక్క సందులోకి మలిపాడు. చక్కటి పని. నేను చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషిని చూసి ఎన్నాళ్లయిందో.

నవంబరు 28, శుక్రవారం

ఆదివారం అనుబంధం మొత్తం కాలింది. మట్ట కాలలేదు. అగ్గిపెట్టె సగమైంది. ఊదుగొట్టం లేక విరిగిన కుర్చీ గొట్టంతో ఊదాను. అటు నుంచి బూడిద ఇటు నుంచి నా మొహం మీదికి.

కిరసనాయిలు నిషిద్ధం, నిజమే. కర్పూరం గురించి నియమాల్లో ఏమీ లేదు. దేవుడి గదిలోంచి డబ్బా తెచ్చి నాలుగు బిళ్లలు వేశాను. అంటుకుంది.

అత్తయ్యగారు గుమ్మంలోంచి, "హారతి ఎవరికమ్మా?"

పప్పు ఉడికేసరికి ఆయన పెరుగన్నం తినేసి వార్తలు చూస్తున్నారు.

నవంబరు 30, ఆదివారం

కుదిరింది.

కిటుకు ఇంతే. అడుగున ఈనెలు, పైన డొక్క పీచు, దాని మీద రెండు చిప్పలు. అవి ఎర్రబడ్డాక మట్ట. మధ్యలో గాలి ఆడాలి, కుక్కకూడదు. పరీక్షల ముందు పిల్లల బుర్రల్లో నేను చేసేది కుక్కడమే కదా అని కాసేపు బాధపడ్డాను. మంట ఎదురుగా కూర్చుంటే నాకు ఇలాంటివి వస్తున్నాయి.

దోసకాయ పప్పు. ఆయన రెండోసారి వడ్డించుకున్నారు. కళ్లు మూయలేదు గానీ రెప్పలు వాల్చారు. నాకది చాలు.

వసారాలో పొగ జాడ లేదు. ఇంత శుభ్రంగా మండే పొయ్యి మా వీధిలో ఎవరికీ ఉండి ఉండదు.

అత్తయ్యగారు గది తలుపేసుకుని ఉన్నారు. భోజనానికి పిలిస్తే కళ్లు తుడుచుకుంటూ వచ్చారు. సీరియల్లో ఎవరో పోయి ఉంటారు.

డిసెంబరు 2, మంగళవారం

అత్తయ్యగారికి దగ్గు. మందుల షాపు నుంచి సిరప్ తెచ్చాను.

"సాయంత్రం కాగానే కిటికీ వేసేసుకోండి అత్తయ్యగారూ, మంచు పడుతోంది."

"వేస్తన్నానమ్మా. వేసినా వస్తంది."

"ఏంటండి?"

ఆవిడ నా వంక చూశారు. "అదే. మంచు."

మిరియాల పాలు కూడా ఇచ్చాను. కోడలిగా నా బాధ్యతలో లోపం లేదు.

డిసెంబరు 4, గురువారం

వాయుగుండం. నిన్నటి నుంచి వాన. డొక్కలన్నీ నీళ్లు తాగాయి. పట్టా కప్పాలన్న నియమం నేను రాయలేదు.

పొయ్యి వంటింట్లోకి తెస్తేనో అని ఒక్క క్షణం అనిపించింది. గొట్టం ఊడదీసి, తలుపులేసుకుని లోపల మంట పెడితే పొయ్యి కంటే ముందు మనుషులు ఆరిపోతారు. తేలేదు. ఈ తీర్మానంలో నేను కచ్చితంగా పాటించిన నియమం ఇదొక్కటే. అదీ బరువు ఎత్తలేక.

ఈ రోజుకి గ్యాసు. ప్రకృతి వైపరీత్యం, వైఫల్యం కాదు.

డిసెంబరు 5, శుక్రవారం

వాన తగ్గింది. చెమ్మ డొక్కలతోనే వెలిగించాను. పొగ దండిగా వచ్చి ఉండాలి, కానీ నాకేమీ కనబడలేదు. దానం పనితనం.

అత్తయ్యగారు అన్నం వద్దన్నారు.

డిసెంబరు 6, శనివారం

ఇంటర్నల్ పరీక్షల పేపర్లు. గ్యాసు. మూడు గిన్నెల అడుగులు తారు డబ్బాల్లా ఉన్నాయి. పనిచేసే బేబీ వాటిని చూసి, "ఇవి తోమడానికి వేరే మనిషిని చూసుకోండమ్మగారు" అంది. ఆమె నిష్ఠ నా నిష్ఠ కంటే గట్టిది.

డిసెంబరు 8, సోమవారం

రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను.

పప్పు కుక్కర్లో ఉడికించాను, గ్యాసు మీద. నాలుగు విజిళ్లు. తర్వాత గిన్నెలోకి వంచి, వసారాలోకి తీసుకెళ్లి, కాలిన చిప్ప ఒకటి పక్కన పెట్టి మూతేశాను. వాసన పట్టడానికి.

ఆయన కళ్లు మూసుకున్నారు. "ఇదీ కట్టెల పొయ్యి రుచంటే."

మా పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన నాలుకను నేను ఇంత దగ్గరగా అర్థం చేసుకున్నది లేదు.

అత్తయ్యగారూ తృప్తిగా తిన్నారు. దగ్గు కూడా లేదు. సిరప్ పనిచేస్తోంది.

డిసెంబరు 9, మంగళవారం

మనస్సాక్షి కోసం మళ్లీ నిజంగా వెలిగించాను. అత్తయ్యగారి దగ్గు తిరగబెట్టింది. సిరప్ మార్చాలి.

డిసెంబరు 10, బుధవారం

అత్తయ్యగారు సంచి సర్దుకున్నారు. "నాలుగు రోజులు రాజోలు వెళ్లొస్తానమ్మా, మాణిక్యాన్ని చూడాలనుంది." మాణిక్యం ఆవిడ కూతురు, నా ఆడపడుచు.

"ఇప్పుడెందుకండీ, దగ్గుతో?"

"దగ్గు అక్కడ తగ్గుతుందమ్మా."

నాలుగు రోజులకి శీతాకాలం శాలువా, వేసవి చీరలు రెండూ పెట్టుకున్నారు.

డిసెంబరు 11, గురువారం

పొద్దున్నే మాణిక్యం ఫోన్.

"వదినా, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. మా అమ్మకి పొగబెడుతున్నావంట కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవరన్నారమ్మా ఆ మాట? ఆవిడకి నేను మిరియాల పాలు..."

"మీ వీధంతా అనుకుంటన్నారంట. అమ్మ ఒక్క ముక్క చెప్పలేదు. ఏడిస్తే నేనే కూపీ లాగేను. ఉంచుకోవడం కష్టమైతే నోటితో చెప్పొచ్చు కదా వదినా. మా ఇంట్లో ఉంటుంది."

ఫోన్ పెట్టేశాక ఆ నింద గురించి ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. గోడ మీంచి పక్కింటి కృపావతి గారిని పిలిచాను. నేను పొగబెడుతున్నానటండీ, విన్నారా అన్నాను.

ఆవిడ మొహమాటపడ్డారు. "అదేనండి మేడంగారు... గొట్టం పెద్దమ్మగారి కిటికీలోకే కదండి."

"ఏ గొట్టం?"

"మీ పొయ్యి గొట్టమండి. సాయంత్రమైతే ఆవిడ గది కనబడేది కాదండి. మీకు తెలిసే అనుకున్నామండి."

"తెలిసి చేస్తానా అండీ?"

కృపావతి గారు కాస్త ఆలోచించారు. ఆ ఆలోచించడం నేను జన్మలో మర్చిపోను.

ఇంటి పక్క సందులోకి వెళ్లి చూశాను. గొట్టం నోరు కిటికీకి జానెడు దూరంలో ఉంది. రెక్కలకి మసి. లోపల చువ్వలకి అడ్డంగా ఆవిడ తడితువ్వాలు కట్టుకున్నారు. అది నల్లగా, అట్టలా ఎండిపోయి ఉంది.

డిసెంబరు 12, శుక్రవారం

పొయ్యి వెలిగించలేదు. తీర్మానం రద్దు. నియమాల కాగితం ఫ్రిజ్ మీంచి చించేశాను.

"చెప్పాలి కదా అమ్మ" అన్నారాయన నాలుగోసారి.

నాకు తెలియకే జరిగింది. అది నిజం. కానీ దానంతో 'నా కంటికి' అన్నాను. 'ఎవరి కంటికీ' అని నోటికి ఎందుకు రాలేదు? ఎంత తిరగేసినా ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతున్నాను. క్లాసులో పౌర బాధ్యత గురించి చెప్తూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలు గంట కొట్టారనుకుని లేచి వెళ్లిపోయారు.

డిసెంబరు 14, ఆదివారం

బస్సెక్కి రాజోలు వెళ్లాను. ఒక్కదాన్నే. అత్తయ్యగారు మాణిక్యం ఇంటి ముందు గదిలో కుర్చీలో ఉన్నారు. దగ్గు లేదు. అది చూస్తే సంతోషం వేసింది, సిగ్గూ వేసింది.

"గొట్టం అటుందని నాకు తెలీదండి అత్తయ్యగారూ. ఒట్టు."

"నేనూ అలాగే అనుకుందామని చూసేనమ్మా. కానీ నా గది ఖాళీ అయితే ఇబ్బందుండదన్నావు కదా. ఆ వారంలోనే గొట్టం వచ్చింది."

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడ కుర్చీ దగ్గరికి జరిగాను.

"ట్రంకుపెట్టెలండి. ఖాళీ చేద్దామన్నది ట్రంకుపెట్టెలు."

"ట్రంకుపెట్టెలా?"

"ఆయ్" అన్నాను. ఎంఏ చదివినదాన్ని, ఆ సమయానికి నాకు మిగిలిన మాట అదొక్కటే.

ఆవిడ చాలాసేపు చేతి గాజులు చూసుకున్నారు. "వాటిలో మీ మావయ్యగారి చొక్కాలున్నాయి. తియ్యనివ్వను."

"వద్దండి. అక్కడే ఉంచండి."

"ఆ మాట నన్ను అడగొచ్చు కదమ్మా."

"పొగ సంగతి మీరూ నన్ను అడగొచ్చు కదండి."

మాణిక్యం టీ కప్పులు పెట్టి, "ఇద్దరూ అడుక్కోవడం అయితే ఇవి తాగండి" అంది.

తిరుగు బస్సులో అత్తయ్యగారు కిటికీ పక్కన కూర్చున్నారు. కూర్చోబెట్టింది నేనే. ఊరు దాటాక అన్నారు, "మొన్న సోమవారం పప్పు మాత్రం భలే కుదిరిందమ్మా."

చెప్పక తప్పలేదు. "అది కుక్కర్లోదండి."

"తెలుసు. పొగ కనబడకుండా చేసేవు గానీ, విజిలు వినబడకుండా చెయ్యలేవు కదా." శాలువా సర్దుకుని, "అబ్బాయికి చెప్పకు. ఆడు మురిసిపోయేడు" అన్నారు.

డిసెంబరు 18, గురువారం

దానాన్ని పిలిపించాం. పొయ్యి తీసేయించాలని నేను, వద్దని అత్తయ్యగారు. "పాపం పొయ్యేం చేసింది? గొట్టం తిప్పితే పోయేదానికి."

"ఎటు తిప్పమంటారండి?" అన్నాడతను.

ఈసారి నేను నోరు తెరవలేదు. అత్తయ్యగారు చెయ్యెత్తి చూపించారు. "పైకి. ఇంటి కప్పు దాటించు. వీధిలో అందరికీ కనబడాలి."

"ఆయ్."

కాబట్టి, తీర్మానం మళ్లీ మొదలు. పాత నియమాలన్నీ ఉన్నాయి, అతికించిన టేపుతో సహా. కొత్తది ఒకటి కలిపాను: వెలిగించాక ఇంటి చుట్టూ తిరిగి, పొగ ఎవరి కిటికీలోకి పోతోందో చూసి రావాలి.

సాయంత్రం వెలిగించాను. డొక్కలు ఎండాయి, కర్పూరం లేకుండానే అంటుకుంది. పప్పు ఎక్కించి ప్రదక్షిణకి బయల్దేరాను. పొగ కప్పు మీంచి తిన్నగా, సన్నగా లేస్తోంది. గోడ అవతల కృపావతి గారు తలెత్తి చూస్తున్నారు. చూడనీ అనుకుని ఆవిడతో కాసేపు మాట్లాడాను. కాసేపే.

కొత్త నియమం పాటిస్తే, పొయ్యి వదిలి కదలకూడదన్న పాత నియమం చెడుతుందని సందు మలుపులో గుర్తొచ్చింది. అప్పటికే అత్తయ్యగారి కిటికీ దాకా వచ్చేశాను. రెండు రెక్కలూ బార్లా తెరిచి, చువ్వల వెనక నిలబడి ఉన్నారు.

"ఇటేం రావట్లేదమ్మా. మాడు వాసన ఒక్కటే వస్తంది."

రేపటి నుంచి మొదటి రోజు.