ఫ్యాన్ గాలికి ఎగిరే దుపట్టా

మంగళవారం

అమీర్‌పేటలోని నా దుపట్టాల షాపులో పనిచేసే ఫర్హీన్ పొద్దుటి నుంచి మడతపెట్టిన దుపట్టాలనే విప్పి మళ్లీ మడతపెడుతోంది. ఏమైందని గట్టిగా అడిగితే చెప్పింది. తను ప్రేమించిన సలీం పెళ్లి వద్దన్నాడట.

"హిందీ పాటల్ల ప్రేమ పుడితే ఆడపిల్లలు గాల్ల ఎగుర్తరు, నువ్వేమో భయపడ్తవ్, నీకు ప్రేమ లేదన్నడక్కా. నాకైతే అన్నం దిగలే, నిద్ర పట్టలే. గది ప్రేమ కాదా?"

"గదే ప్రేమ. గా పాటలు రాసేది సుత ఎక్కువ మగోళ్లే. పాడే గొంతొక్కటే మన ఆడోళ్లది" అన్నాను.

కళ్లు తుడుచుకుంది. ఇంతలో పెళ్లికి దుపట్టాలు కొనేవాళ్లు వచ్చారు. రోజూలాగే నేను హిందీ ప్రేమపాట పెట్టి, ఎర్ర దుపట్టాను ఫ్యాన్ ముందు ఎగరేసి చూపించమని ఫర్హీన్‌కే చెప్పాను.

నవ్వుతూనే ఎగరేసింది. దుపట్టా వెంటనే అమ్ముడుపోయింది.