సముద్రం దాకా చక్రాల కుర్చీ

హారిస్ దీవి

ఇష్బెల్ వదినకు,

"కాలు పడిపోయినదాన్ని, కొండ ఎక్కలేనిదాన్ని, అక్కడికొచ్చి ఏం చేస్తాను? ఈ వేసవికి ఆ కుటీరం వేరెవరికైనా ఇచ్చెయ్యి" అని రాశావు. ఇవ్వలేదు.

నువ్వొస్తే ఎక్కడిదాకా వెళ్లగలవో చూద్దామని, నిన్న చర్చిలోని చక్రాల కుర్చీ తెప్పించి, అందులో నేనే కూర్చుని మీ తమ్ముణ్ణి తొయ్యమన్నాను. గొర్రెల గేటులో ఇరుక్కుపోయాం. పడవ దిగి వస్తున్న కాలమ్ చూసి, "ఏం మర్డో, పెళ్లాన్ని సముద్రంలో పారేసి రావడానికా?" అని ఒకటే నవ్వు. నీ కోసమని చెప్పగానే నవ్వు ఆపేసి, గడ్డపార తెచ్చాడు. ఇద్దరూ గేటు స్తంభం పీకి, దూరంగా జరిపి పాతారు.

ఇసుక అంచు దాకా వెళ్లాం వదినా! రాళ్ల మీద సీల్ జంతువులు పడుకుని ఉన్నాయి. కొండ మీంచి నల్ల చుక్కల్లా కనిపించేవా, ఇక్కణ్ణించి వాటి మీసాలు కూడా కనిపించాయి. కాలమ్ నిన్ను పడవలో సముద్రంలో పక్షులు గూళ్లు పెట్టే రాతి గుట్టల దాకా తిప్పుతానన్నాడు. కుటీరంలో మేడ మీదున్న నీ మంచం కింది గదిలోకి దించాం.

కొండ మాత్రం ఎక్కించలేం. దానికి బదులుగా ఇంకోటి చూపించడం నా వల్ల కాదు. గుమ్మంలో కూర్చుంటే అది ఎదురుగానే కనిపిస్తుంది, నీకు ఏడుపొస్తుంది. రానీ. గ్లాస్గోలో ఒక్కదానివీ ఏడవకు, ఇక్కడికొచ్చి నా పక్కన కూర్చుని ఏడువు.

నీ మరదలు