ముడవడానికి తోకే లేదు

ఒహాయో, 1966

జూన్ 5, ఆదివారం

తీర్మానం! ఆగస్టులో మా బొమ్మ విమానాల క్లబ్బు పిక్నిక్ నాటికి నా సొంత విమానం ఎగరాలి. నా గీత, నా కోత, నా అతుకు. తోక ఉండదు, ఉత్త రెక్క. తోక పశువులకి కావాలి, ఈగలు తోలుకోవడానికి. విమానానికెందుకు?

రెండో తీర్మానం: ఎమ్మెట్ సాయం అడగను. అసలు వాడితో మాట్లాడనే మాట్లాడను.

ఎమ్మెట్ అంటే నా బావమరిది. ఇన్సూరెన్సు అమ్ముకుంటాడు. పెట్టెలో వచ్చిన ముక్కల్ని అతికించి, మీద ఎర్రటి మంటల బొమ్మలేసి "నా విమానం" అని ఊరేగుతాడు. నిరుడు పిక్నిక్‌లో నా విమానం వెళ్లి ఆలుగడ్డల సలాడ్‌లో కూలింది. అందరూ నవ్వారు. మొదటి నవ్వు వీడిది! వాడికి పన్నెండేళ్లప్పుడు చేతికి విమానం తీగల హ్యాండిలిచ్చి, వెనక నిలబడి, ఎలా లాగాలో నేర్పింది నేను. అందుకే మండింది. ఇంకా మండుతూనే ఉంది. నా రెక్క నలుగురి ముందూ ఎగరాలి, వాడు నోరెళ్లబెట్టి చూడాలి.

జూన్ 10

డ్రాయింగ్ అయింది. అద్భుతం! ఫ్రిజ్‌ల కంపెనీలో పాతికేళ్లుగా డ్రాయింగులు గీస్తున్నవాణ్ణి, ఊరికే పోతుందా? మూరెడు రెక్క. ముందు బొటనవేలంత ఇంజిన్. రెక్క కొస నుంచి నా చేతిలోని హ్యాండిల్ దాకా రెండు సన్నటి తీగలు. నేను మధ్యలో నిలబడితే అది నా చుట్టూ తిరుగుతుంది. ఒక తీగ లాగితే పైకి, రెండోది లాగితే కిందికి. ఇంతోటి దానికి ఎమ్మెట్ పుస్తకాలు కొని చదువుతాడు, పాపం.

నా భార్య ఆర్లీన్ తొంగి చూసింది.

"ఏంటిది, ఇస్త్రీ బల్లా?"

"విమానం."

"ఇస్త్రీ బల్లకైనా కాళ్లుంటాయి."

ఎమ్మెట్‌కి అక్క కదా మరి. ఆ వంశమే అంత.

జూన్ 29

రెక్క తయారు. బల్సా అనే తేలికపాటి చెక్క, పైన పల్చటి కాగితం, దాని మీద వార్నిష్. వేలితో కొడితే డప్పులా మోగుతోంది. వంటింట్లో ఇంజిన్ ఆడించి చూశాను. పెట్రోలు కాదు, స్పిరిట్‌లో ఆముదం కలిపిన ఇంధనం. ఇల్లంతా ఆముదం కంపు. ఆర్లీన్ అది తాగినట్టే మొహం పెట్టుకుని మా అత్తగారింటికి భోజనానికి వెళ్లింది. అక్కడ ఎమ్మెట్ ఉంటాడని నేను వెళ్లలేదు.

జూలై 10, ఆదివారం

మొదటి ప్రయత్నం.

ఈ ఆటలో ఒక్కటే లోపం. హ్యాండిల్ పట్టుకుని నేను మధ్యలో నిలబడాలి. తీగల అవతలి కొసన ఇంజిన్ తిరుగుతుంటే విమానాన్ని ఇంకొకరు పట్టుకుని, నేను సైగ చేయగానే వదలాలి. అంటే ఒంటరిగా ఎగరేయడం కుదరదు. కుదరదని ఎవడన్నాడు? మేకు పాతి, విమానాన్ని దానికి కట్టి, దూరం నుంచి లాగితే ముడి ఊడేలా తాడు అమర్చాను.

ముడి ఊడలేదు, మేకే ఊడింది. విమానం పలుపు తెంపుకున్న దూడలా మేకుతో సహా మొక్కజొన్న చేలో పడింది.

తప్పు నాది కాదు. నిన్న వాన పడింది, నేల మెత్తబడింది.

జూలై 17

ఆర్లీన్‌ని బతిమాలాను. పట్టుకుంది. "వదులు" అన్నాను. విసిరింది.

"వదలమన్నాను గానీ విసరమన్నానా?"

"వదిలితే ఏంటి, విసిరితే ఏంటి? నువ్వు పైకి లాగితే అది కిందికి పోయిందేం? మా తమ్ముడు పైకి లాగితే పైకే పోతుంది!"

హ్యాండిల్ తిరగేసి పట్టుకున్నాను. అందుకే పైకి అంటే కిందికి, కిందికి అంటే పైకి. ఎంతటివాళ్లకైనా జరుగుతుంది. పైగా ఎండ కళ్లలో పడింది.

ప్రొపెల్లర్ తగిలి ఆర్లీన్ గోరు చిట్లింది. పాపం అనిపించింది. ఆ మాట పైకి అనలేదు.

జూలై 31

అతికించాను. ఎగిరింది! అర చుట్టు. మేకపిల్లలా పైకీ కిందికీ గెంతి, మూతి నేలకేసి గుద్దుకుంది. వెనక బరువెక్కువైంది. తోక లేనిదానికి ముక్కు బరువుగా ఉండాలట. "బావా, ముక్కు బరువు చాలదే" అని నిరుడు ఎమ్మెట్ వాగాడు. కాబట్టి ముక్కులో బరువు పెట్టే ప్రసక్తే లేదు!

ఆగస్టు 7

ముక్కులో గాలానికి కట్టే సీసం గుండు పెట్టాను. ఇది ఎమ్మెట్ సలహా కాదు. స్నానం చేస్తుంటే నాకే తోచింది.

ఆగస్టు 14, ఆదివారం. పిక్నిక్

ఆర్లీన్ పట్టుకోనంది.

"నా గోరు ఇంకా రాలేదు. మా తమ్ముణ్ణి అడుగు."

"చస్తే అడగను."

"అయితే చావు" అని ఉడికించిన మొక్కజొన్న పొత్తు అందుకుంది.

క్లబ్బులో తక్కినవాళ్లని అడిగాను. ఒకడికి నడుం నొప్పి, ఒకడి పిల్లలు ఏడుస్తున్నారు. పిరికి సన్నాసులు!

ఎమ్మెట్‌తో నేను మాట్లాడలేదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను. వాడి పక్కన నిలబడి గాలితో అన్నాను, "ఎవరైనా పట్టుకుంటే బాగుండు" అని.

"గాలి తరఫున నేను పట్టుకోవచ్చా బావా?" అన్నాడు.

తెల్ల ప్యాంటుతో గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెక్కని చేతిలో తూచి చూశాడు.

"ముక్కులో ఏదో పెట్టావే!"

"ఏమీ లేదు."

"మంచి పని చేశావు."

ఇంజిన్ తిప్పక ముందు హ్యాండిల్ పైకి లాగమన్నాడు, రెక్క వెనకంచు రేకు ఎటు వంగుతుందో చూడ్డానికి. లాగాను. వాడు లేచి, నింపాదిగా నా దగ్గరికి నడిచి వచ్చాడు.

"తిరగేసి పట్టుకున్నావు బావా" అన్నాడు, చెవిలో.

అక్కణ్ణుంచే అరవొచ్చు. పిక్నిక్ అంతా పొట్టలు పట్టుకుని నవ్వేది. అరవలేదు, వెధవ. హ్యాండిల్ తిప్పి పట్టుకున్నాను, వాడు వెనక్కెళ్లి ఇంజిన్ తిప్పాడు.

వదిలాడు. ఎగిరింది! ఒక చుట్టు, రెండు, నాలుగు, పది. గెంతులు లేవు, వంకర లేదు. నా ఒళ్లు పులకరించింది. జనం ప్లేట్లు పట్టుకునే లేచి నిలబడ్డారు. వాళ్లందరినీ మించి ఎమ్మెట్ గంతులేస్తున్నాడు.

"మా బావదే! సొంతంగా గీసిందే! తోక కూడా లేదు, చూడండి!"

ఇంధనం అయిపోవచ్చి ఇంజిన్ దగ్గింది. అప్పుడు వెనక్కి అడుగేయాలి, తీగలు బిగువు తప్పకుండా. బుద్ధున్నవాడెవడైనా అదే చేస్తాడు. నేను ముందుకేశాను. వాడి వైపు. హ్యాండిల్ చేతిలో ఉండగానే వాణ్ణి కావలించుకోబోయాను, మతి ఉందా నాకు?

తీగలు వదులయ్యాయి. రెక్క వాడి నెత్తి మీదుగా వచ్చి, పక్కనే నేలకి గుచ్చుకుని మూడు ముక్కలైంది.

ఎమ్మెట్ ముక్కలు ఏరుతూ బిక్కమొహం వేసుకుని నా వంక చూశాడు. ముందు నాకే నవ్వొచ్చింది. తర్వాత వాడు నవ్వాడు. ఇద్దరం గడ్డిలో కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా.

"ఇద్దరికీ పిచ్చే" అంది ఆర్లీన్. కళ్లు తుడుచుకుంటోంది. మొక్కజొన్న మీది మిరియాల పొడి పడిందట.

ఆగస్టు 15

సిగ్గుచేటు! పది చుట్ల కోసం రెండు తీర్మానాలూ గాలికి పోయాయి. ముక్కు బరువు నా ఆలోచనేనని వాడు పొద్దున్న ఊరంతా చెప్పాడట, నన్ను పొగుడుతూ. ఎవడు పొగడమన్నాడు?

అందుకే కొత్త తీర్మానం. ఇంకో రెక్క, ఇంకా పెద్దది. పూర్తిగా నా సొంతం. ఎమ్మెట్ వేలు కూడా పెట్టడానికి వీల్లేదు. ఆ మాట వాడి మొహం మీదే చెబుదామని ఫోన్ చేశాను. శనివారం వస్తానన్నాడు.

పొద్దున్నే రమ్మన్నాను. లేటయితే ఊరుకోను.