బండి బేరానికి టవలెందుకు?

తనకల్లు, ఆదివారం

నాయనా, నేను ఈడ బాగున్నాను. ఫోన్ చేస్తే నా పక్కింట్లోనే ఉండే బయ్యన్న మామ వింటాడని కార్డు రాస్తున్నాను. చెల్లెలు ఆశ్రిత చేతనే చదివించుకో.

నేను పాఠాలు చెప్పే బడి ఉన్న ఊరికి బస్సు లేదు కదా, పాత మోటార్ సైకిల్ ఇప్పిస్తానని మామ నిన్న కదిరికి తీసుకుపోయినాడు. దుకాణదారు ఒక ఎర్ర బండి చూపించి, "టీచరమ్మ నడిపిన బండి మేడమ్, ఇస్కూలుకు తప్ప యాడికీ పోలేదు" అన్నాడు. వెనక రెండు పక్కలా పాల క్యాన్లు ఒరుసుకున్న గీతలు ఉన్నాయి. అవేమిటని అడిగితే, "ఊరికే ఉండు పాపా, నీకేం తెలుసు? నేర్చుకునేదానికి ఇదే మేలు" అని మామ కసిరినాడు. తర్వాత వాళ్లిద్దరూ గొర్రెల సంతలో దళారుల మాదిరి టవల్ కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకొని బేరమాడుకున్నారు. కొనేది నేనైతే, నాకు కనబడకుండా ఆ బేరమేమిటి?

వచ్చే ఆదివారం డబ్బు కట్టాలంట. అది నా ఏడాది జీతంలో మిగిలిందంతా. శనివారానికి నువ్వే రా, సంతలో ఆ వేళ్ల బేరం నీకు అలవాటే కదా. మామకు చెప్పొద్దు.

నల్లగొర్రె ఈనిందా? అమ్మ మోకాలికి నూనె రాస్తున్నారా? అమ్మకు నా దండాలు.

వచ్చేటప్పుడు నీ టవల్ మరచిపోవద్దు.

నీ పెద్దపాప,
చందన