సీసపు గుండ్ల అచ్చు

రాస్ అల్ ఖైమా (యు.ఏ.ఇ.), 2005 జనవరి, గురువారం రాత్రి

నాకు రాత రాదు. నేను చెబుతుంటే కోడలు లక్ష్మి రాస్తోంది. తప్పు నాదో, నా కొడుకుదో ఇందులో తేలాలి.

విసురు వల అల్లడం నాకు సరదా. వల పూర్తయింది, అంచుకు కట్టే సీసపు గుండ్లే లేవు. పొద్దున పాత బజారులో పటకారులా తెరిచి మూసే ఇత్తడి అచ్చు కనబడింది. సీసం కరిగించి పోస్తే గుండ్రటి గుండ్లు వస్తాయి. బేరం తెగేలోపు సూరి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, అది తుపాకీ గుండ్లు పోసేది. పోలీసులు చూస్తే నా వీసా ఖలాస్."

"సీసానికేం తెలుసురా, తుపాకీలో పడతాదో వలకి ఏలాడతాదో?"

"దానికి తెలీదు గానీ పోలీసోళ్ళకి తెలుసే. పద."

కొడుకు కూడు పోగొట్టి వల విసరలేను కదా, అచ్చు వదిలేశాను. వాడితో మాట్లాడడమూ మానేశాను. సాయంత్రం సముద్రం ఒడ్డున, అలలు తెచ్చిపడేసిన ఏదో సముద్రపు జీవి ఎముక, సుద్దముక్కలా తెల్లగా మెత్తగా ఉన్నది, దొరికింది. రెండు చెక్కలు చేసి మధ్య వక్క పెట్టి నొక్కితే గుంట పడింది. అచ్చు సరే, సీసం ఏదీ?

ఇందాక సూరి వచ్చి, టైర్ల షాపులో చక్రాల తూకం సరిచెయ్యడానికి బిగించి, తర్వాత పీకి పారేసిన సీసం ముక్కలు జేబులోంచి తీసి నా ముందు పోశాడు. "బయట కరిగించు, పొగ పీల్చకు" అన్నాడు.

మొదటి గుండు బాగానే వచ్చింది, వల తాడు దూరే కన్నమే పడలేదు. రేపు మధ్యలో తీగ పెట్టి పోయాలి. తీగ తను పట్టుకుంటానన్నాడు.

తప్పు వాడిదేనని రాయమన్నాను, చిన్న అక్షరాలతో.