మెకానిక్ దగ్గర మాత్రం స్టార్ట్ అయ్యే బండి

జనవరి 27, సోమవారం
మళ్లీ అదే. తాళం తిప్పితే గరగరమని మూలుగుతుంది, అంటుకోదు. సూర్యాపేటలో అత్తమ్మ డయాలసిస్‌కి టైమవుతోంది. నానా తిప్పలు పెట్టి, తెల్లటి పొగ కక్కి, చివరికి స్టార్ట్ అయింది. ఆయన పోయాక ఈ ఇంట్లో మిగిలింది అత్తమ్మ, నేను, ఆయన కొన్న ఈ పాత డీజిల్ కారు. అరుగు మీద నుంచి అత్తమ్మ — "గా బండి గూడ వద్దంటున్నది బిడ్డా. నన్నెందుకు గుంజుకపోతవ్?" ఒళ్లు మండింది. బండి మీదా, ఆమె మీదా… తెలియలేదు.

జనవరి 28
త్రిపురారం బడి నుంచి వస్తూ, మిర్యాలగూడలో మెకానిక్ యాదగిరికి చూపించాను. తాళం తిప్పాడు — టక్కున స్టార్ట్! ఆపాడు, మళ్లీ తిప్పాడు — టక్కున. "ఏం లేదు మేడం, మంచిగనే ఉన్నది." కడుపునొప్పని బడి ఎగ్గొట్టే పిల్లల్ని నేను చూసే చూపే చూశాడు నన్ను. బ్యాటరీ మార్చమన్నాను. మార్చాడు.

జనవరి 30, గురువారం
కొత్త బ్యాటరీ. గట్టిగా తిరుగుతుంది, అంటుకోదు. ఆటోలో వెళ్లాం. దారంతా కుదుపులు. అత్తమ్మ నా భుజం మీద వాలిపోయింది. భయమేసింది.

ఫిబ్రవరి 1
స్టాఫ్‌రూమ్‌లో అందరూ మెకానిక్‌లే. సైన్స్ సార్ — "ఇంజన్లకు డీజిల్ కొట్టే ఇంజెక్టర్లు పోయినయ్ మేడం, కోదాడ తీస్కపోండ్రి." ఎలాగో స్టార్ట్ చేసి తీసుకెళ్లాను. బాబూరావు అనే పెద్దాయన. ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే పైపుకి ఒక్కో చిన్న సీసా తగిలించి ఇంజన్ నడిపాడు. మూడింట్లో అడుగున కాస్త డీజిల్. నాలుగోది చూస్తుండగానే నిండింది. "చూశారా అమ్మా, లోపలికి కొట్టాల్సింది వెనక్కి వదిలేస్తోంది. ఇంక ప్రెషర్ ఎక్కడి నుంచి వస్తదండీ?" ఇన్నాళ్లకు ఒక మాట అర్థమైంది. బాగుచేసి బిగించాడు. టక్కున స్టార్ట్. కానీ… బాగుచేయక ముందు కూడా అక్కడ టక్కునే అయింది కదా?

ఫిబ్రవరి 3, సోమవారం
అంటుకోలేదు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. అత్తమ్మ ఇవాళ చీర కూడా మార్చుకోలేదు — స్టార్ట్ కాదని ముందే తీర్మానించుకుంది. "ఇయ్యాల్టికి ఇడిసిపెట్టు." ఆటో ఎక్కనని మొండికేసింది. వెళ్లలేదు. సాయంత్రానికి ఆమె కాళ్లు ఉబ్బాయి. యాదగిరికి ఫోన్ చేసి అరిచాను. పొద్దున్నే ఇంటికొచ్చి నువ్వే చూడు!

ఫిబ్రవరి 4
వచ్చాడు. బండిని కాదు, ఇంటి ముందు ర్యాంపును చూస్తూ నిలబడ్డాడు. "బండి ముక్కు మీదికి లేపి ఎందుకు ఆపుతరు మేడం?" తూర్పు ముఖం… అత్తమ్మ వాస్తు. ఆయన బండి కొన్న రోజు నుంచీ అంతే. "యాడనో పైపు గాలి గుంజుతున్నది. రాత్రంత డీజిల్ ఎనకకు ట్యాంకీలకు దిగుతది. మా షాపుల సాపు నేల, గందుకే తెల్వలే." పైపు మార్చాడు. మరి కోదాడ సీసా సంగతి? "అది గూడ నిజమే మేడం." రెండూ నిజమైతే అసలు రోగం ఏది? తల తిరిగింది. బండిని తిప్పి పెట్టమన్నాడు. "పడమర మొఖం పెడ్తవా!" అని అత్తమ్మ. పెట్టాను. మొదటిసారి ఆమె మాట కాదన్నాను.

ఫిబ్రవరి 5
సోమవారం తప్పిపోయిన డయాలసిస్‌కి ఆసుపత్రి వాళ్లు ఇవాళ రమ్మన్నారు. తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే! పొగ లేదు. బండిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను, సిగ్గులేకుండా. దిగి అవతలి తలుపు తెరిచాను. "అత్తమ్మా, పా పోదాం."
అరుగు మీదే కూర్చుంది. బండిని చూసింది, నన్ను చూసింది.
"మంచిగైందా?"
"అయింది."
"అయితే నువ్వు బడికి పో బిడ్డా. నాకింక శాతగాదు."
తిట్టాను. బతిమాలాను. కాళ్లు పట్టుకున్నాను, వేలు ఆనిస్తే గుంట పడుతోంది. లేవట్లేదు.
ఇది రాస్తుంటే బయట ఇంజన్ నడుస్తూనే ఉంది. ఆపడానికి చెయ్యి రావట్లేదు…