అకల్ ఎక్కడి మాట?

నర్సింగరావు అంకుల్‌కు,

నమస్తే. మన తెలుగు సంఘం ఉగాది సంచికలో నా పేరుతో వచ్చిన వ్యాసం చూశాను. అందులో పేరొక్కటే నాది. నేను రాసింది వెయ్యేళ్ల కిందటి బాగ్దాదు తత్వవేత్తల గురించి. సంపాదకులుగా మీరు బాగ్దాదు కొట్టేసి ప్రాచీన భారతమన్నారు, తత్వవేత్తలను కొట్టేసి మన మహర్షులన్నారు. ఫోన్ చేసి అడిగితే, "గా అరబ్బోళ్లతోని మనకేం పని బిడ్డా? పండుగ పూట మనోళ్లు ఫీలైతరు" అని నవ్వారు.

యూనివర్సిటీలో నేను చెప్పే పాఠమే ఆ తత్వవేత్తల గురించి. వాళ్ల ఆలోచన దొంగిలించి మీవాళ్ల పేరు పెట్టావేమని నా స్టూడెంట్లు అడిగితే ఏం చెప్పను?

ఆ వ్యాసమంతా ఒక్క అరబ్బీ మాట గురించి. అక్ల్, అంటే ఆలోచించే శక్తి. కంటికి సూర్యుడెలాగో మనసుకు అది అలాగని వాళ్లు రాశారు. దాన్నీ తీసేసి 'ప్రజ్ఞ' అని పెట్టారు.

చిన్నప్పుడు ఇక్కడి క్వేకర్స్ హిల్‌లో, మీ శనివారం తెలుగు బడిలో నేను గుణింతం తప్పినప్పుడల్లా మీరేమని అరిచేవారు? "అకల్ ఉన్నదా నీకు?" అంకుల్, ఇది ఆ మాటే. అరబ్బీ నుంచి ఉర్దూలోకి, ఉర్దూ నుంచి మన కరీంనగర్‌కు, అక్కడి నుంచి మీతోపాటు విమానమెక్కి సిడ్నీకి వచ్చింది.

వచ్చే సంచికలో సవరణ వేయండి. వేయనంటారా, శనివారం బడిలో కూడా ఆ మాట కొట్టేయండి. "ప్రజ్ఞ ఉన్నదా నీకు?" అని అరవండి. ఒక్క పిల్లవాడైనా భయపడతాడేమో చూద్దాం.

మీ దగ్గరే అక్షరాలు దిద్దిన పిల్ల